పెదవి మొద్దుబారినా పన్ను ఎందుకు నొప్పెట్టింది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, బరువు 55 కిలోలు. ఎడమవైపు కింది దవడలో మొదటి పెద్ద దంతానికి ఈమధ్య రూట్ కెనాల్ చేయించుకున్నాను. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి, సగం నాలుక పూర్తిగా మొద్దుబారాయి. అయినా డ్రిల్ తగలగానే ప్రాణం విలవిల్లాడింది. మూడుసార్లు ఇంజెక్షన్ ఇచ్చారు, గుండె దడ కూడా వచ్చింది. చివరికి ఆ పంటి దగ్గరే, నాలుక వైపు చిగురులో చిన్న ఇంజెక్షన్ వేశాక నొప్పి ఆగింది. "మీ నరాలు తేడాగా ఉన్నట్టున్నాయమ్మా" అన్నారు డాక్టరు గారు. ఇప్పుడు అదే వైపు జ్ఞానదంతం తీయాలని సీబీసీటీ (దవడ ఎముకను త్రీడీలో చూపే) స్కాన్ తీయించారు. రిపోర్టులో "బైఫిడ్ మాండిబ్యులర్ కెనాల్, రెట్రోమోలార్ టైప్" అని ఉంది. మా ఆడపడుచుకు జ్ఞానదంతం తీసినప్పటి నుంచి, అంటే నాలుగు నెలలుగా, నాలుకకు ఒక పక్క స్పర్శా లేదు, రుచీ లేదు. నాకూ అలాగే అవుతుందేమోనని భయంగా ఉంది. ఇది జబ్బా? పన్ను తీయించుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: జబ్బు కాదండీ, పుట్టుకతో ఉన్న తేడా. ఇన్నేళ్లూ మీకు ఏ ఇబ్బందీ పెట్టలేదు, ఇకముందూ దానంతటది పెట్టదు. సూదో కత్తో అటువైపు వెళ్లినప్పుడే దాని ఊసు వస్తుంది. పన్ను తీయించుకోవచ్చు. కాకపోతే మీరు భయపడుతున్నది ఒక నరం గురించి, రిపోర్టు చెబుతున్నది ఇంకో నరం గురించి. బైఫిడ్ కెనాల్, అంటే రెండు పాయలైన నరం కాలువ, దవడ ఎముక లోపల నడిచే నరం సంగతి. మీ ఆడపడుచుకు దెబ్బ తగిలింది ఎముక బయట, నాలుక పక్కన నడిచే నరానికి. ఆ నరం మీ స్కాన్‌లో కనిపించదు, ఎవరి సీబీసీటీలోనూ కనిపించదు. కాబట్టి ఈ రిపోర్టు చూసి నాలుక గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. అలాగని ధైర్యం తెచ్చుకోవడానికీ అందులో ఏమీ లేదు.

ముందు దారులు చూద్దాం. ముఖానికి స్పర్శనిచ్చే ఐదో కపాల నరంలో మూడో పాయ, కపాలం అడుగునున్న ఫొరామెన్ ఒవేల్ అనే రంధ్రం గుండా కిందికి దిగుతుంది. అక్కడి నుంచి చీలే కొమ్మల్లో మనకు కావలసినవి నాలుగు. ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ నరం దవడ ఎముక లోపలి వైపు ఉన్న రంధ్రంలో దూరి, పళ్ల వేర్ల కిందుగా ఎముకలోని కాలువలో ముందుకు సాగుతుంది. చిన్న దవడ పళ్ల దగ్గర మెంటల్ ఫొరామెన్ గుండా దాని కొమ్మ బయటికి వచ్చి కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇస్తుంది. లింగ్వల్ నరం ఎముకలో దూరదు. జ్ఞానదంతం లోపలి పక్కగా, చిగురు కిందనే నడిచి నాలుకలోకి వెళుతుంది. నాలుక ముందు మూడింట రెండొంతులకు స్పర్శ దానిదే. రుచి తెచ్చే పోగులు మాత్రం ఏడో నరానివి. కార్డా టింపనీ అనే సన్నటి కొమ్మగా వచ్చి, పైనే దీనిలో కలిసిపోతాయి. అందుకే ఈ ఒక్క నరం తెగితే స్పర్శా, రుచీ రెండూ పోతాయి. మూడోది లాంగ్ బకల్ నరం. పెద్ద దంతాలకు బుగ్గ వైపున్న చిగురుకు స్పర్శ దానిదే. నాలుగోది మైలోహయాయిడ్ నరం. నోటి అడుగు కండరాలను కదిలించడమే దాని పని అని పాఠాల్లో చదువుతారు. మీ రూట్ కెనాల్ కథలో నా అనుమానం దీని మీదే.

మీకు ఇచ్చినది ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ బ్లాక్, అంటే ఆ నరాన్ని ఎముకలో దూరే చోటే మొద్దుబార్చే ఇంజెక్షన్. సూదిని దవడ లోపలి వైపున సుమారు 20 నుంచి 25 మిల్లీమీటర్లు పోనిచ్చి, ఎముక తగిలాక, ఆ నరం ఎముకలో దూరే రంధ్రం పక్కన 1.5 నుంచి 1.8 మిల్లీలీటర్ల మందు వదులుతారు. లింగ్వల్ నరం కాస్త ముందే ఉంటుంది కనుక నాలుకా మొద్దుబారుతుంది. మైలోహయాయిడ్ కొమ్మ మాత్రం ఆ రంధ్రానికి సగటున ఒకటిన్నర సెంటీమీటర్లు పైనే చీలిపోతుంది. కొందరిలో అర సెంటీమీటరు దూరంలో, కొందరిలో రెండు సెంటీమీటర్లకు పైగా ఎగువన. తూము దగ్గర అడ్డుకట్ట వేస్తే, అంతకు ఎగువనే చీలిన పిల్లకాలువలో నీళ్లు ఆగవు కదా. కొంతమందిలో ఈ కొమ్మ నుంచి సన్నటి స్పర్శ పోగులు దవడ లోపలి వైపు చిన్న రంధ్రాల గుండా ఎముకలోకి వెళ్లి పెద్ద దంతాల వేర్లకు చేరతాయి. అప్పుడు పెదవి చచ్చుబడినా పన్ను బతికే ఉంటుంది. నాలుక వైపు చిగురులో వేసిన ఆ చిన్న ఇంజెక్షన్‌తో మీ నొప్పి ఆగడం ఈ దారినే చూపిస్తోంది.

అయితే తప్పంతా దీని మీదే వేయలేం. మీది రూట్ కెనాల్ దాకా వచ్చిన పన్ను. లోపలి గుజ్జు బాగా వాచి ఉన్నప్పుడు అందులోని నరాల పోగులు మామూలు మత్తుకు లొంగవు. వాటిలో నొప్పి సంకేతాన్ని నడిపే సోడియం చానెళ్ల తీరే మారిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పంటికి కూడా ఈ బ్లాక్ నూటికి 15 నుంచి 20 సార్లు సరిగా పనిచేయదని పాఠ్యపుస్తకాలే ఒప్పుకుంటాయి. వాచిన పంటికైతే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. పైగా "పెదవి మొద్దుబారిందా?" అని అడిగి, తల ఊపగానే డ్రిల్ అందుకునే అలవాటు మన దగ్గర చాలా చోట్ల ఉంది. పెదవి మొద్దుబారితే పెదవి నరం మత్తులో ఉన్నట్టు, అంతవరకే. పంటిని పరీక్షించాలంటే చల్లటి స్ప్రే కొట్టిన దూది ఉండను పంటికి ఆనించి, చల్లదనం తెలుస్తోందా అని చూడాలి. తెలుస్తుంటే డ్రిల్ జోలికి పోకూడదు. ఇది నిమిషం పని, ఖర్చూ లేదు.

బ్లాక్ పనిచేయకపోతే మళ్లీ అదే చోట అదే ఇంజెక్షన్ ఇవ్వడం రెండోసారి దాకా ఫరవాలేదు. పెదవి బాగా మొద్దుబారాక మూడోసారి కూడా అక్కడే పొడవడంలో అర్థం లేదు. మందు చేరాల్సిన చోటికి చేరింది, నొప్పి వేరే దారిన వస్తోంది. అప్పుడు ఆ పంటి వేర్ల కొసల ఎత్తులో నాలుక వైపు కొద్దిగా మందు వేయాలి. లేదా బుగ్గ వైపు 4 శాతం ఆర్టికెయిన్ అనే మత్తుమందు వేయవచ్చు. లేదా పంటికీ ఎముకకీ మధ్య సందులో వేరుకు 0.2 మిల్లీలీటర్ల చొప్పున నొక్కి ఎక్కించాలి. లేదా బ్లాక్‌నే ఇంకా ఎగువన ఇవ్వాలి. ఆస్ట్రేలియా దంతవైద్యుడు గౌ-గేట్స్ 1973లో చెప్పిన పద్ధతిలో నోరు బాగా తెరిపించి, దవడ కీలు మెడ దగ్గర మందు వదులుతారు. మైలోహయాయిడ్ చీలడానికి ముందే అడ్డుకట్ట పడుతుంది కనుక మీలాంటివారికి ఇది బాగా నప్పుతుంది. మత్తెక్కడానికి మాత్రం ఐదు నుంచి పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకాస్త ఓపిక పట్టాలి. నోరు తెరవలేనివారికి 1977లో అకినోసి చెప్పిన, నోరు మూసి ఇచ్చే పద్ధతి ఉంది.

గుండె దడ సంగతి. 2 శాతం లిగ్నోకెయిన్ (మామూలుగా వాడే మత్తుమందు) అంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. మూడుసార్లకు 5.4 మిల్లీలీటర్లు అనుకున్నా 108 మిల్లీగ్రాములే. అడ్రినలిన్ కలిపినప్పుడు కిలోకు 7 మిల్లీగ్రాముల లెక్కన మీ బరువుకు హద్దు 385. అంటే మోతాదు దాటలేదు. దడ అడ్రినలిన్‌ది. 1:80,000 పాళ్లలో అడ్రినలిన్ కలిపిన మందులో మిల్లీలీటరుకు 12.5 మైక్రోగ్రాములు ఉంటుంది, మొత్తం కలిపి 67 దాకా వెళ్లి ఉంటుంది. ఆరోగ్యవంతులకు 200 దాకా ఇబ్బంది లేదు. గుండె జబ్బు ఉన్నవారికి 40 దాటనివ్వరు. మీకు గుండె సమస్య ఏదైనా ఉంటే పన్ను తీసే ముందే చెప్పండి. మీ కేసులో నొప్పీ భయమూ కూడా దడను పెంచే ఉంటాయి.

ఇక రిపోర్టు. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు కింది దవడలో ఒక్కో వైపు మూడు నరం కాలువలు వేర్వేరుగా మొదలవుతాయని 1996లో ఒక పరిశోధన బృందం చూపించింది. ముందు పళ్లకు ఒకటి, పాల దవడ పళ్లకు ఒకటి, శాశ్వత పెద్ద దంతాలకు ఒకటి. తర్వాత అవి కలిసిపోతాయి. పూర్తిగా కలవనిచోట రెండో కాలువ మిగులుతుంది. పళ్లన్నీ ఒకేసారి కనిపించే మామూలు ఓపీజీ ఎక్స్‌రేల్లో ఇది నూటికి ఒకరిలో కూడా కనిపించదు కాబట్టి చాలా అరుదనుకునేవారు. సీబీసీటీ వచ్చాక కొన్ని పరిశీలనల్లో నూటికి 15 మందిలో, కొన్నింటిలో 60 మందికి పైగా కనబడింది. ఎంత సన్నని కాలువను లెక్కలోకి తీసుకుంటారన్నదాన్ని బట్టి ఈ అంకె మారిపోతుంది. కాబట్టి మీరు వింతేమీ కాదు. ఒకవైపు ఉంటే రెండోవైపూ ఉండాలనీ లేదు, కుడివైపు పని పడితే అప్పుడు విడిగా చూసుకోవాల్సిందే.

రెట్రోమోలార్ టైప్ అంటే ఆ రెండో పాయ జ్ఞానదంతం వెనక్కి పైకి లేచి, చివరి పంటి వెనుక ఎముక మీద చిన్న రంధ్రం గుండా బయటికి వస్తుంది. సన్నటి నరమూ రక్తనాళాలూ అందులో ఉంటాయి. చూశారా, అది వెళ్లేది వెనక్కి. మొదటి పెద్ద దంతంలో మీకు వచ్చిన నొప్పిని దీని ఖాతాలో వేయడం నాకు అంతగా ఒప్పుదల కాదు. రిపోర్టులో ఓ కొత్త పేరు కనిపించగానే జరిగిన కష్టమంతా దానికే అంటగట్టడం సులువు. కానీ జ్ఞానదంతం తీసేటప్పుడు మాత్రం ఇది అక్కరకొచ్చే సమాచారమే. కోత సరిగ్గా ఆ చోటే పడుతుంది. అక్కడి రక్తనాళం తెగితే మామూలుకన్నా ఎక్కువ రక్తం వస్తుంది. గాజుగుడ్డతో గట్టిగా అదిమిపెట్టినా, అవసరమైతే ఆ రంధ్రంలో బోన్ వ్యాక్స్ (ఎముకలో రక్తం ఆపే మైనం) పెట్టినా ఆగిపోతుంది. చివరి పంటి వెనుక చిగురులో చిన్న మేర స్పర్శ తగ్గవచ్చు. చాలామంది దాన్ని పట్టించుకోరు కూడా. బ్లాక్ ఇచ్చాక కూడా ఆ చోట నొప్పి తెలిస్తే, అక్కడే కొద్దిగా మందు వేస్తే సరిపోతుంది. బుగ్గ వైపు చిగురుకు లాంగ్ బకల్ ఇంజెక్షన్ ఎలాగూ విడిగా ఇస్తారు. బ్లాక్ దాన్ని పట్టుకోదు.

రిపోర్టు కాగితంతో ఆగకుండా స్కాన్‌నే తెరమీద చూపించమని సర్జన్‌ను అడగండి. పంటి వేరుకీ నరం కాలువకీ మధ్య తెల్లటి ఎముక గీత ఉందా, లేదా? కాలువ వేర్లకు బుగ్గ వైపు ఉందా, నాలుక వైపు ఉందా, రెండు వేర్ల నడుమ ఉందా? గీత చెదిరిపోయి, కాలువ నాలుక వైపో వేర్ల మధ్యో ఉంటే పెదవి నరానికి ప్రమాదం ఎక్కువ. ఓపీజీలో అయితే వేరు మీద నల్లటి పట్టీ, కాలువ తెల్ల గీత తెగిపోవడం, కాలువ పక్కకు వంగడం, ఈ మూడూ హెచ్చరికలు. అలాంటప్పుడు కరోనెక్టమీ అనే దారి ఉంది. పంటి పైభాగాన్ని ఎముక అంచుకు 3, 4 మిల్లీమీటర్లు కిందికి కోసి తీసేసి, నరానికి ఆనుకున్న వేర్లను అక్కడే వదిలేస్తారు. అవి తర్వాత నెమ్మదిగా కొన్ని మిల్లీమీటర్లు పైకి జరిగి నరానికి దూరమవుతాయి. ఎప్పుడైనా తీయాల్సి వచ్చినా అప్పుడు సులువు. వేర్ల దగ్గర చీము ఉన్నా, పన్ను కాలువ వెంబడి అడ్డంగా పడుకుని ఉన్నా ఇది పనికిరాదు. కోసేటప్పుడు వేర్లు కదిలిపోతే మొత్తం తీసేయాల్సిందే.

ఇప్పుడు నాలుక నరం, అంటే లింగ్వల్ నరం. జ్ఞానదంతం దగ్గర అది సగటున ఎముక అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు కింద, ఎముక గోడకు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలగా ఉంటుంది. ఈ సగటు ఎవరినీ కాపాడదు. శవాల మీద, ఎంఆర్‌ఐల మీద జరిగిన వేర్వేరు పరిశీలనల్లో నూటికి 10 నుంచి 18 నరాలు ఎముక అంచు ఎత్తులోనో అంతకన్నా పైనో, అంటే వట్టి చిగురు కింద కనిపించాయి. ఎముక గోడకు నేరుగా ఆనుకున్నవి ఒక పరిశీలనలో నూటికి 22, ఇంకోదాంట్లో 62. అరుదుగా చివరి పంటి వెనుక ఉండే మెత్తటి చిగురు దిబ్బలోనే నరం దొరికింది. మీది ఎక్కడుందో ముందే చెప్పే మామూలు పరీక్ష లేదు. మంచి ఎంఆర్‌ఐలో కనిపించవచ్చు గానీ ప్రతి జ్ఞానదంతానికీ అది తీయించరు, తీయించాల్సిన పనీ లేదు. నరం ఉండకూడని చోటే ఉందనుకుని చేయి నడిపించడమే జాగ్రత్త.

దాని అర్థం ఇది. వెనక కోతను పళ్ల వరుసకు సూటిగా వెనక్కి లాగకూడదు, బుగ్గ వైపుకు మళ్లించాలి. దవడ ఎముక అక్కడ బయటికి తిరుగుతుంది. సూటిగా వెళితే కత్తి కింద ఎముక ఉండదు, నాలుక నరం ఉండే మెత్తటి భాగమే ఉంటుంది. ఎముక తొలగించడం బుగ్గ వైపు నుంచే. పంటిని ముక్కలుగా కోసేటప్పుడు బర్‌ను (డ్రిల్ మొనను) నాలుక వైపు గోడ దాకా పోనివ్వకుండా, చివరి కొంత వదిలేసి ఎలివేటర్‌తో (పన్ను పెకలించే పరికరంతో) విరవాలి. నాలుక వైపు చిగురును అనవసరంగా లేపకూడదు. ఊడిన పంటి చుట్టూ ఉన్న కణజాలాన్ని గట్టిగా పట్టి లాగకూడదు. కుట్టు కూడా లోపలి వైపు లోతుగా పోకూడదు. ఇవన్నీ మీరు సర్జన్‌కు నేర్పక్కర్లేదు. "నాలుక వైపు చిగురు లేపుతారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. "అవసరమైతే తప్ప లేపను" అంటే మీరు సరైన మనిషి దగ్గరున్నట్టే. ఈ పని ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్ చేత చేయించుకోండి.

ఇంజెక్షన్ వల్లా నరం దెబ్బతినవచ్చు, చాలా అరుదు. అలా జరిగినప్పుడు ఎక్కువగా బలయ్యేది నాలుక నరమే. సూది దిగేటప్పుడు నాలుకలోకో పెదవిలోకో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటే తల కదపకుండా ఎడమ చెయ్యి ఎత్తండి. డాక్టరు సూదిని ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి తీసి, అప్పుడు మందు వదలాలి. ఇంకో మాట. చాలా క్లినిక్‌లలో మామూలు డిస్పోజబుల్ సిరంజికి అంగుళం సూది వాడతారు. అంగుళమంటే 25 మిల్లీమీటర్లు, బ్లాక్‌కు దాదాపు మొదలంటా దిగిపోతుంది. సూది విరిగేది మొదట్లోనే. ఒకటిన్నర అంగుళాల సూది వాడతారా అని అడగడం తప్పు కాదు. ఇక 4 శాతం ఆర్టికెయిన్‌ను పంటి పక్కన వేయడం వేరు, బ్లాక్‌గా ఇవ్వడం వేరు. బ్లాక్‌కు 2 శాతం లిగ్నోకెయినే మేలని చాలామంది సర్జన్ల అభిప్రాయం, నాదీ అదే.

అపాయింట్‌మెంట్ పొద్దున్నే తీసుకోండి. ఏదైనా తేడా అనిపిస్తే ఆ సాయంత్రమే ఫోన్ చేసే వీలుంటుంది. మీ రూట్ కెనాల్ అనుభవం, ఏ ఇంజెక్షన్‌తో నొప్పి ఆగిందో కాగితం మీద రాసి ఇవ్వండి. మామూలుగా మూడు నుంచి ఐదు గంటల్లో మొద్దు వదిలిపోవాలి. అంతవరకు వేడి కాఫీ, టీ వద్దు, నమిలే తిండీ వద్దు. నాలుక కొరుక్కుంటే తెలియదు. మర్నాడు పొద్దున కూడా మొద్దుగానే ఉంటే "అదే పోతుందిలే" అని కూర్చోకుండా ఫోన్ చేయండి. అద్దం ముందు దూది పుల్ల కొసతో తాకుతూ, మొద్దుగా ఉన్న మేర హద్దులు కాగితం మీద గీసి తేదీ వేయండి. వారానికోసారి అలాగే గీయండి. హద్దు కుంచించుకుపోతుంటే, చీమలు పాకినట్టు అనిపిస్తుంటే నరం కోలుకుంటోందన్నమాట. ఎక్కువమందికి రెండు నెలల్లో గణనీయంగా తగ్గుతుంది. మిథైల్‌కోబాలమిన్ (బి12 విటమిన్) మాత్రలు రాసివ్వడం మన దగ్గర రివాజు. హాని లేదు, కానీ తెగిన నరాన్ని అవి కలపవు. ఆ మాత్రలు మింగుతూ నెలలు గడిపేయడమే అసలు నష్టం.

మీ ఆడపడుచు విషయంలో జరుగుతున్నది అదేనేమో అనిపిస్తోంది. ఎముక కాలువలోని నరం దెబ్బతింటే ఆ కాలువే దారి చూపిస్తుంది కనుక పోగులు మళ్లీ కలుసుకునే అవకాశం ఉంది. నాలుక నరానికి ఆ ఆసరా లేదు. తెగిన కొసలు పక్కకు ముడుచుకుపోతాయి. అందుకే మూడు నెలలకూ స్పర్శ రవ్వంత కూడా రాకపోతే మైక్రోస్కోపు కింద నరం కుట్టే సర్జన్‌కు చూపించాలంటారు. ఆవిడకు నాలుగు నెలలు నిండాయి. ఆరు నెలల లోపు చేస్తే ఫలితం మెరుగు. స్పర్శ చాలావరకు రావచ్చు, రుచి మాత్రం అంతగా తిరిగి రాదని ముందే తెలుసుకుని వెళ్లాలి. అక్కడ కళ్లు మూయించి దూదితో, పిన్నుతో, రెండు మొనల కొలతతో నాలుక రెండు పక్కలా పరీక్షిస్తారు. జ్ఞానదంతం ఉన్న చోట లోపలి వైపు వేలితో నొక్కితే నాలుకలోకి జివ్వుమంటోందా అనీ చూస్తారు. పన్ను తీయకముందు తీసిన ఎక్స్‌రే, ఆపరేషన్ రోజు రాసిన నోట్స్ వెంట పెట్టుకోమనండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో, విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఓరల్ సర్జరీ విభాగాలున్నాయి. బయల్దేరే ముందు ఫోన్ చేసి, నాలుక నరానికి మైక్రోసర్జరీ అక్కడే చేస్తారా, లేక వేరేచోటికి పంపిస్తారా అని కనుక్కుంటే ఒక ప్రయాణం కలిసొస్తుంది.